లియొనార్డో యంత్రాల మ్యూజియంలో ఏది అసలు, ఏది ఊహ? ఆ వంతెనను ఇంట్లో కట్టడం ఎలా?

మీరు అడిగినవి మూడు. మిలాన్ సైన్స్ మ్యూజియంలో కనిపించే చెక్క యంత్రాలు లియొనార్డో డావించి స్వయంగా చేసినవేనా? ఉన్న రెండు రోజుల్లో ఏం చూడాలి? ఎనిమిదో తరగతి చదివే మీ అమ్మాయి సైన్స్ ఫెయిర్‌కి ఆయన వంతెన నమూనా చేయగలదా? మొదటిదానికి జవాబు: కాదు, అందులో ఒక్కటీ ఆయన చేసింది కాదు. మూడోదానికి: హాయిగా చేయగలదు, మేకూ జిగురూ తాడూ ఏవీ అక్కర్లేదు. ఏం చూడాలన్నది మొదటి జవాబు మీదే ఆధారపడి ఉంది కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

లియొనార్డో (1452–1519) చేత్తో చేసిన యంత్రం ఒక్కటి కూడా మిగల్లేదు. మిగిలినవి కాగితాలు. ఆయన పోయాక అవి శిష్యుడు ఫ్రాంచెస్కో మెల్జీకి వచ్చాయి. మెల్జీ ఉన్నన్నాళ్ళూ భద్రంగానే ఉన్నాయి, వారసులు మాత్రం పట్టించుకోలేదు. తర్వాత పొంపెయో లియోనీ అనే శిల్పి చేజిక్కించుకుని, ముక్కలుగా కత్తిరించి, తన పద్ధతిలో పెద్ద పుస్తకాలుగా అతికించాడు. మిలాన్‌లోని అంబ్రోసియానా గ్రంథాలయంలో ఉన్న కోడెక్స్ అట్లాంటికస్ అలా తయారైందే; 1,119 ఆకులు. 1796లో నెపోలియన్ సైన్యం దాన్ని మిగతా నోటు పుస్తకాలతో కలిపి పారిస్ పట్టుకుపోయింది. 1815లో ఇది వెనక్కి వచ్చింది గానీ, ఆ చిన్న నోటు పుస్తకాలు ఈ రోజుకీ పారిస్‌లోని ఇన్‌స్టిట్యూట్ ద ఫ్రాన్స్‌లోనే ఉన్నాయి. పక్షులు ఎగిరే తీరు మీద రాసింది టూరిన్‌లో, యంత్ర భాగాల మీద రాసిన పెద్ద పుస్తకం మాడ్రిడ్‌లో ఉన్నాయి. మాడ్రిడ్ పుస్తకాలైతే జాతీయ గ్రంథాలయంలోనే కనిపించకుండా పడి ఉండి 1960ల్లో బయటపడ్డాయి. దీనివల్ల వచ్చిన చిక్కేమిటంటే, ఒక యంత్రం బొమ్మ ఒక ఊళ్ళో, దాని పళ్ళచక్రం వివరం ఇంకో ఊళ్ళో ఉండిపోతాయి. నమూనా చేసేవాడు మధ్యలోని ఖాళీని తన తెలివితో పూడుస్తాడు.

ఆ పూడ్చే పని పెద్ద ఎత్తున మొదలైంది 1939లో, మిలాన్‌లో జరిగిన భారీ ప్రదర్శనతో. ముస్సోలినీ కాలం అది. ఇటలీ మేధావి అన్నీ ముందే కనిపెట్టేశాడని చాటాలన్న తొందర ఆ నమూనాల్లో కనిపిస్తుంది: బొమ్మలో అరకొరగా ఉన్నవాటిని పూర్తి చేసి, నునుపు చేసి, పని చేసే యంత్రాల్లా నిలబెట్టారు. వాటిని చేసినవాళ్ళలో ఒకరైన రొబెర్తో గ్వతెల్లి తర్వాత అమెరికా వెళ్ళి, 1951 నుంచి ఐబీఎం కంపెనీకి నమూనాలు చేసిపెట్టారు. అవి ఊరూరా తిరిగాయి. మీరు వెళ్ళబోయే మ్యూజియం 1953 ఫిబ్రవరి 15న తెరుచుకుంది. అక్కడి చారిత్రక నమూనాలు చాలావరకు 1950ల్లో, లియొనార్డో పుట్టి 500 ఏళ్ళు నిండిన సందర్భానికి చేయించినవి. అంటే మీ ముందున్న చెక్క వయసు ఇంచుమించు 70 ఏళ్ళు, 500 కాదు. అది తక్కువేమీ కాదు. 1950ల ఇంజనీర్లు లియొనార్డోను ఎలా చదివారో చెప్పే సాక్ష్యంగా వాటికీ విలువ ఉంది. వాటిని లియొనార్డోవే అనుకుంటేనే ఇబ్బంది.

కాబట్టి ఏ నమూనా ముందు నిలబడ్డా మొదట దాన్ని కాకుండా పక్కనున్న బొమ్మను చూడండి. బొమ్మలో లేనిది నమూనాలో ఏముందో వెతకండి. కొన్ని చోట్ల ఇది బాగా ఫలిస్తుంది.

కవచ శకటం: తాబేటి చిప్పలా కనిపించే యుద్ధ బండి. అసలు బొమ్మ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, 1480ల నాటిది. లోపలి మనుషులు తిప్పే చేతి పిడుల నుంచి పళ్ళచక్రాల మీదుగా చక్రాల దాకా కంటితో వెళ్ళండి. కాగితం మీద గీసినట్టే బిగిస్తే ముందు చక్రాలు ఒక వైపు, వెనక చక్రాలు ఎదురు వైపు తిరుగుతాయి, బండి కదలదు. మ్యూజియం నమూనాల్లో దీన్ని మౌనంగా సరిచేస్తారు. శత్రువు చేతిలో పడితే పనికిరాకుండా కావాలనే తప్పు గీశాడని చాలా చోట్ల వినిపిస్తుంది. వినడానికి బాగుంది గానీ ఆధారం లేదు. తొందరలో గీసిన ఆలోచన అనుకోవడమే సబబు.

గాలి మర: హెలికాప్టర్‌కి తాత అంటూ చూపించేది. పారిస్‌లో ఉన్న చిన్న నోటు పుస్తకాల్లో ‘బి’ అని పిలిచేదానిలో 83వ ఆకు వెనక వైపుది. పక్కన ఆయనే రాసుకున్నాడు: నార బట్ట కావాలి, దాని రంధ్రాలు గంజితో పూడ్చాలి, మధ్య నుంచి అంచు దాకా 8 బ్రాచ్చోలు ఉండాలి. బ్రాచ్చో చేతి కొలత, మన మూర కంటే పెద్దది, 58–60 సెంటీమీటర్లు. అంటే అడ్డంగా 9 మీటర్లు దాటుతుంది. మ్యూజియంలో కనిపించేవి దీనిలో చిన్న వంతే. ఇది ఎగరకపోవడానికి బరువు ఒక్కటే కారణం కాదు. నమూనాల్లో చూపినట్టు మనుషులు ఏ పలక మీద నిలబడి మరను తోస్తారో, ఆ పలక గాల్లో ఉన్నప్పుడు ఎదురు దిక్కుకి తిరిగిపోతుంది. కాలికి పట్టు దొరకదు. ఈనాటి హెలికాప్టర్‌కి తోక రెక్క ఎందుకుందో మీ అమ్మాయికి ఇక్కడే చెప్పవచ్చు.

తనంతట తాను కదిలే బండి: కోడెక్స్ అట్లాంటికస్ 812వ ఆకు. నమూనా కథల్లో అన్నిటికంటే ఆసక్తికరమైనది ఇదే. పైన విల్లులా వంగిన రెండు పెద్ద స్ప్రింగులు కనిపిస్తాయి. 20వ శతాబ్దం మొదట్లో చదివినవాళ్ళు బండిని నడిపేవి అవే అనుకున్నారు, ఆ లెక్కన చేసిన నమూనాలేవీ సరిగ్గా నడవలేదు. నడిపేవి అవి కావనీ, కింద డప్పుల్లాంటి డబ్బాల్లో దాగిన చుట్ట స్ప్రింగులనీ, పైనున్న విల్లులు వేగాన్ని అదుపు చేయడానికేననీ లియొనార్డో కాగితాల పరిశోధకుడు కార్లో పెద్రెత్తి, రోబోల నిపుణుడు మార్క్ రోషైమ్ తేల్చారు. ఆ ప్రకారం 2004లో ఫ్లోరెన్స్‌లో చేసిన నమూనా నడిచింది. ఏ మ్యూజియంలోనైనా ఈ బండి కనిపిస్తే వంగి కిందికి చూడండి. డబ్బాలు లేకపోతే అది పాత అర్థం ప్రకారం చేసింది.

సైకిలు: ఇది ఉందంటే ఆ ప్రదర్శనను కొంచెం అనుమానంగా చూడాల్సిందే. కోడెక్స్ అట్లాంటికస్ 133వ ఆకు వెనక పెన్సిల్ లాంటి గీతలతో ఉన్న సైకిలు బొమ్మ 1974లో లోకానికి తెలిసింది. అది లియొనార్డో గీత కాదని దాన్ని ప్రకటించినవాళ్ళే ఒప్పుకున్నారు. శిష్యుడెవరో గురువు బొమ్మను చూసి గీశాడన్నారు. కానీ 1961లో ఆ ఆకును వెలుతురుకు ఎత్తి చూసిన పెద్రెత్తికి రెండు వృత్తాలు, కొన్ని గీతలు తప్ప గొలుసూ పెడళ్ళూ ఏవీ కనబడలేదు. తర్వాత ఎవరో చేర్చిన గీతలని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. అయినా ఊళ్ళు తిరిగే ప్రదర్శనలు దీన్ని వదలవు. ఫోటోలు బాగా వస్తాయి మరి.

పారాషూట్ మాత్రం నిజంగా పరీక్షకు నిలిచింది. నాలుగు వైపులా 12 బ్రాచ్చోలు, ఎత్తూ అంతే, అంటే సుమారు 7 మీటర్ల పిరమిడ్. 2000 జూన్‌లో ఏడ్రియన్ నికొలస్ అనే బ్రిటిష్ స్కైడైవర్ దక్షిణాఫ్రికాలో కర్ర, కాన్వాసుతో చేసిన దానితో సుమారు 3 కిలోమీటర్ల ఎత్తు నుంచి దూకారు. నెమ్మదిగా, ఊగకుండా దిగింది. అయితే అది 85 కిలోలు. నేల తాకాక ఆ చట్రం మీద పడితే మనిషి బతకడు కాబట్టి, కొంత ఎత్తులో ఉండగానే దాన్ని వదిలేసి మామూలు పారాషూట్ విప్పుకున్నారు. మ్యూజియం ఫలకం మీద మొదటి సగమే ఉంటుంది సాధారణంగా.

ఇక అసలు కాగితమా, ముద్రించిన నకలా అన్నది. దీనికి మూడు గుర్తులు. మొదటిది వెలుతురు: పాత కాగితం మీది సిరాకు, సుద్దకు 50 లక్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) మించి వెలుగు పెట్టరు. గదిలోకి అడుగుపెట్టగానే కళ్ళు అలవాటు పడడానికి కాసేపు పట్టేంత మసక అది. దీపాల కింద ధగధగలాడుతున్న లియొనార్డో కాగితం ముద్రణే. రెండోది నీడ గీతలు: ఆయన ఎడమచేతివాడు, నీడ కోసం వేసే సన్నని గీతలు ఎడమ పైనుంచి కుడి కిందికి జారుతాయి. కుడిచేతివాళ్ళవి దీనికి ఎదురుగా వాలతాయి. రాత కుడి నుంచి ఎడమకు తిరగేసి ఉంటుంది. ఎక్కడైనా మామూలుగా ఎడమ నుంచి కుడికి చదవగలిగేలా ఉంటే ఫలకం తయారుచేసినవాళ్ళు బొమ్మను తిప్పి ముద్రించారన్నమాట. అప్పుడు నీడ గీతలూ తప్పు వైపుకే వాలతాయి, పోల్చి చూడండి. మూడోది వెనక వైపు: ఆయన కాగితాన్ని రెండు పక్కలా వాడేవాడు, అసలు ఆకులో వెనకటి గీతలు లీలగా కనిపిస్తాయి. అసలు ఆకులను మూడేసి నెలలు చూపించి మళ్ళీ చీకట్లో పెట్టేస్తారు. అంబ్రోసియానాలో మీరు వెళ్ళే రోజుకి ఏ ఆకులు బయట ఉన్నాయో ముందే వెబ్‌సైటులో చూసుకోవడం మంచిది.

మిలాన్‌లో రెండు రోజులకి లెక్క సులువే. అన్నిటికంటే ముందు శాంతా మరియా దెల్లె గ్రాత్సియెలోని ‘చివరి విందు’ టికెట్ చూసుకోండి. మిగతావన్నీ దాని చుట్టూ సర్దుకోవాలి. చిన్న చిన్న గుంపులుగా 15 నిమిషాలే లోపల ఉండనిస్తారు, టికెట్లు వారాలూ నెలల ముందే అయిపోతాయి, ఆలస్యంగా వెళితే మీ వంతు పోయినట్టే. అక్కణ్ణుంచి సైన్స్ మ్యూజియం పది నిమిషాల నడక, శాంతాంబ్రోజో మెట్రో స్టేషన్‌కు దగ్గర. రెండూ ఒకే పూట పెట్టుకోండి. ఆ రెండూ సోమవారం మూసి ఉంటాయి, అది మరవకండి. మ్యూజియంలో 2019 డిసెంబర్‌లో తెరిచిన లియొనార్డో గ్యాలరీలకు కనీసం రెండు గంటలు కావాలి. అంబ్రోసియానా రెండో రోజుకి. అక్కడ ఆయన ‘సంగీతకారుడి’ చిత్రం కూడా ఉంది. ఆకులు చూసేశాం కదా అని దాన్ని వదిలేసి రావద్దు.

ఇప్పుడు వంతెన. ఇది కూడా కోడెక్స్ అట్లాంటికస్‌లోదే, 69వ ఆకు. 1482 ప్రాంతంలో మిలాన్ పాలకుడు లుదొవీకో స్ఫోర్జాకి పని అడుగుతూ రాసిన ఉత్తరంలో లియొనార్డో మొట్టమొదట చెప్పుకున్నది తేలికైన, మోసుకుపోగల వంతెనల గురించే. చిత్రలేఖనం అందులో ఆఖరున వస్తుంది.

సరుకు: 60 సెంటీమీటర్ల పొడవు, 2 × 2 సెంటీమీటర్ల మందం ఉన్న రీపర్లు (ఇవే పొడవు కర్రలు) 8, అదే మందంలో 40 సెంటీమీటర్ల అడ్డకర్రలు 4. టింబర్ డిపోలో కోయించుకుంటే గంటలో పని. ముడులు లేని కర్ర ఏరుకోండి. ముఖ్యంగా పొడవు కర్ర నడిమి పది సెంటీమీటర్లలో ముడి ఉండకూడదు, బరువు వంచేది అక్కడే. గుండ్రటి కర్రలు వద్దు, దొర్లుతాయి. వార్నిష్ వేయొద్దు, మరీ నునుపుగా రుద్దొద్దు. ఉప్పు కాగితంతో పేళ్ళు మాత్రం తీసేయండి.

ప్రతి పొడవు కర్ర మీదా మూడు గుర్తులు పెట్టండి: ఒక చివర నుంచి 5, 30, 55 సెంటీమీటర్ల దగ్గర. అడ్డకర్రలు వచ్చేది ఆ గుర్తుల మీదకే. గుర్తుపెట్టుకోవాల్సిన సూత్రం ఒక్కటే: పొడవు కర్ర రెండు చివరలూ అడ్డకర్రల పైన ఉంటాయి, దాని నడుము అడ్డకర్ర కింద ఉంటుంది. నేలకు ఆనే రెండు కొసలకు మాత్రమే అడ్డకర్ర ఉండదు.

కట్టే వరస ఇది. మొదటి జత రీపర్లను నేల మీద సమాంతరంగా పెట్టండి, మధ్య ఎడం ఒక జానెడు చాలు. వాటి నడుము మీద మొదటి అడ్డకర్ర. రెండో జతను ఎడమ చివరలు ఆ అడ్డకర్ర మీద ఆనేలా, మొదటి జత పక్కనే లోపలి వైపుగా పెట్టండి. ఇప్పుడు మొదటి జత కుడి చివరలను కొద్దిగా ఎత్తి, వాటి కిందుగా, రెండో జత నడుము మీదుగా రెండో అడ్డకర్రను దూర్చండి. ఎత్తిన చివరలు దాని మీద వాలతాయి. ఇక్కడే వంపు మొదలైందని కంటికి తెలుస్తుంది. మూడో జత ఎడమ చివరలు రెండో అడ్డకర్ర మీద. రెండో జత కుడి చివరలు ఎత్తి మూడో అడ్డకర్ర దూర్చడం. నాలుగో జతకూ ఇంతే. మూడో జత నుంచి ఇద్దరుండాలి: ఒకరు ఎత్తాలి, ఒకరు దూర్చాలి. ఒకే అడ్డకర్ర మీదికి మొదటి జత, మూడో జత చివరలు వచ్చినప్పుడు ఎదురెదురుగా కొట్టుకోకుండా పక్కపక్కన జరపండి. అందుకే అడ్డకర్ర 40 సెంటీమీటర్లు పెట్టింది.

పూర్తయితే అటూ ఇటూ సుమారు 120 సెంటీమీటర్ల దూరం దాటుతుంది, మధ్యలో పాతిక సెంటీమీటర్ల ఎత్తు లేస్తుంది. ఈ అంకెలు గాల్లోంచి రాలేదు. పొడవు కర్ర తిన్నగా ఉంటుంది, నడిమి అడ్డకర్ర దాని పైన, చివరి అడ్డకర్రలు దాని కింద ఉంటాయి. కాబట్టి నడిమిది మిగతా రెండింటికంటే ఒక పొడవు కర్ర మందం, ఒక అడ్డకర్ర మందం కలిపినంత పైకి ఉంటుంది: ఇక్కడ 4 సెంటీమీటర్లు. చివరి గుర్తుల మధ్య దూరం 50. వంపు వ్యాసార్థం కావాలంటే 50ని 50తో గుణించి, 8 రెట్లు 4తో అంటే 32తో భాగించాలి: 78 సెంటీమీటర్లు. కర్రలన్నీ రెండున్నర సెంటీమీటర్ల మందం చేస్తే అదే లెక్కలో 62 వస్తుంది, వంతెన మరింత గూనుగా లేస్తుంది. ఐస్‌క్రీమ్ పుల్లలతో చేసినవి ఎందుకు చదునుగా ఉంటాయో కూడా దీనితోనే తేలిపోతుంది. సైన్స్ ఫెయిర్‌లో మార్కులు తెచ్చేది ఈ లెక్కే. కట్టి చూపేవాళ్ళు చాలామంది ఉంటారు, మందం మార్చి వంపు మారడం కొలిచి చూపేవాళ్ళు అరుదు. రెండు మందాల్లో రెండు వంతెనలు పక్కపక్కన పెట్టించండి.

ఎక్కడ చెడుతుందో కూడా ముందే తెలిసి ఉండాలి. నడిమి అడ్డకర్రలు జారవు, జారేవి రెండు కొసల దగ్గరివే. కారణం: అడ్డకర్రను కిందా పైనా పట్టుకున్న కర్రలు సమాంతరంగా ఉండవు, వాటి మధ్య 18 డిగ్రీల కోణం ఉంటుంది, ఆ కోణం అడ్డకర్రను వెడల్పుగా తెరుచుకున్న వైపుకి నెడుతుంది. నడిమివాటిని రెండు వైపుల నుంచీ రెండు జతలు నొక్కుతాయి కాబట్టి తోపు సరిసమానమవుతుంది. కొసల దగ్గర ఒక జతే ఉంది, పైగా ఆ రీపరు బాగా వాలి ఉంటుంది; అందుకని అడ్డకర్ర పాదం వైపు జారుతుంది. కర్ర గరుకుతనమే దాన్ని ఆపేది. వార్నిష్ వద్దన్నది అందుకే. బరువు పెంచాలనుకుంటే మొదటి జత, నాలుగో జత నడుము గుర్తు దగ్గర మాత్రం 3 మిల్లీమీటర్ల లోతు గాడి కొట్టించండి. అన్ని చోట్లా కొట్టించకండి: గాడి ఎంత లోతైతే వంపు అంత తగ్గిపోతుంది, పైగా నడుము బలహీనపడుతుంది.

బరువు పెట్టేటప్పుడు నడిమి రెండు అడ్డకర్రల మీదుగా పడేలా ఒక పలక వేసి, దాని మీద పుస్తకాలు పేర్చాలి. ఐదారు కిలోలకు ఏ ఇబ్బందీ ఉండదు. ఒక కొస మీద మాత్రమే పెడితే అవతలి వైపు లేచి విడిపోతుంది. అలాగే ఎవరైనా ముచ్చటపడి మధ్యలో పట్టుకుని పైకి ఎత్తితే మొత్తం కూలుతుంది. ఈ వంతెనలో ప్రతి ఆనింపూ నొక్కుడుకే పని చేస్తుంది, లాగుడుకి పట్టే కట్టు ఎక్కడా లేదు. బల్ల మీద ‘పైకి ఎత్తకండి’ అని రాసి పెట్టడం మంచిది. పిల్లలు ఎత్తుతారు ఎలాగూ, కాబట్టి తిరిగి కట్టడం రెండు మూడుసార్లు సాధన చేయించండి. కట్టిన వంతెనను ఆటోలో తీసుకెళ్ళాలనుకోకండి. విప్పి, 12 కర్రలూ కట్టగా కట్టి, జతలకు 1 నుంచి 4 అంకెలు వేసి పంపండి.

వివరాల అట్ట మీద ‘లియొనార్డో కనిపెట్టిన వంతెన’ అని కాకుండా ‘కోడెక్స్ అట్లాంటికస్ 69వ ఆకులోని బొమ్మ ఆధారంగా చేసిన నమూనా’ అని రాయించండి. కింద ఇంకో వరస: 2 సెంటీమీటర్ల చదరపు కర్ర, 60 సెంటీమీటర్ల పొడవు, కొసల దగ్గరి గాడి, ఈ మూడూ మేము ఎంచుకున్నవి, బొమ్మలోవి కావు.